డాంటే కోసం ఇటలీ వెళ్తే: ఫ్లోరెన్స్‌లో ఖాళీ సమాధి, రవెన్నాలో అసలు మనిషి

ముందే చెప్పేస్తాను. డాంటే కోసమే ఇటలీ వెళ్లేవాళ్లు ఫ్లోరెన్స్‌లో రాత్రులు తగ్గించి రవెన్నాలో పెంచుకోండి. మన ట్రావెల్స్ వాళ్లు దీనికి సరిగ్గా తలకిందులుగా చెప్తారు. వాళ్ల ప్యాకేజీలో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఉంటాయి, పీసా గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఒక ఫొటో ఉంటుంది. రవెన్నా ఊసే ఉండదు. కానీ ఆ కవి పుట్టిన ఊళ్లో ఆయనవి దాదాపు ఏమీ మిగల్లేదు. పోయిన ఊళ్లో ఆయనే ఉన్నాడు.

డాంటే అలిగియేరి 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టి, 1321 సెప్టెంబరులో రవెన్నాలో కన్నుమూశాడు. ఆయన పేరు నిలబెట్టిన కావ్యం ‘డివైన్ కామెడీ’. అందులో కవి తానే నరకం, ప్రాయశ్చిత్త పర్వతం, స్వర్గం మూడూ తిరిగి వస్తాడు. వంద సర్గలు, 14,233 పంక్తులు. పండితులంతా లాటిన్‌లో రాస్తున్న రోజుల్లో తన ఊరి వాడుక భాషలో రాశాడు. తర్వాత ఇటలీ మొత్తానికీ ఆ భాషే ప్రామాణికమైంది. నాకు ఈ పుస్తకం పిచ్చి ఎప్పటినుంచో ఉంది. మావారికి లేదు. ఆయన వచ్చింది మా అబ్బాయి జర్మనీలో, ష్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాడు కాబట్టి, ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కాబట్టి.

ఫ్లోరెన్స్‌లో బస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఇబ్బంది పడతారు. మావాడు నది దగ్గర పాత భవనంలో ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేశాడు. ‘చారిత్రక భవనం, మూడో అంతస్తు’ అని ప్రకటన. అక్కడ కింది అంతస్తుని సున్నా కింద లెక్కేస్తారు, పైగా ఆ కింది అంతస్తే మన రెండంతస్తుల ఎత్తుంది. లిఫ్టు లేదు. మెట్లు రాతివి, మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి, సూట్‌కేసు తీసుకుని ఒక్కరు మాత్రమే పట్టే వెడల్పు. మావారికి మోకాళ్ల నొప్పులు. రాత్రి ఎనిమిదిన్నరకి చేరితే ‘లేట్ చెక్-ఇన్’ అని ఇంటివాళ్లు విడిగా నగదు అడిగారు, రసీదు ఇవ్వలేదు. దానికి తోడు ఊరిపన్ను మనిషికి, రాత్రికి లెక్కన వేరే కట్టాలి. ఈ పన్ను మాత్రం న్యాయమైనదే, ఇటలీలో చాలా ఊళ్లలో ఉంది. బుకింగ్ డబ్బుల్లో కలవదని గుర్తుంచుకుంటే చాలు. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి గుడి గోపురం కనిపించేది, బాత్‌రూమ్‌లో కడుక్కోవడానికి బిడే ఉంది. యూరప్‌లో చాలా చోట్ల మగ్గు వెతుక్కునే మనవాళ్లకి ఈ విషయంలో ఇటలీ పుట్టిల్లు.

స్వర్గకాండ పదిహేడో సర్గలో డాంటే తాతకి తాత కాచ్చాగ్విదా ఎదురై, ముందు ముందు ఏం జరుగుతుందో చెప్తాడు. నీకు ఇష్టమైనవన్నీ వదులుకుంటావు, పరాయివాళ్ల రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో నీకు తెలుస్తుంది, పరాయివాళ్ల మెట్లు ఎక్కడం దిగడం ఎంత కష్టమో తెలుస్తుంది అంటాడు. రెండో రోజు సాయంత్రం మూడో మలుపు దగ్గర కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ ఈ మాట మావారికి చెప్పాను. “మీ కవి కూడా ఈ బిల్డింగులోనే అద్దెకున్నట్టున్నాడే” అన్నారు.

రొట్టె సంగతి మర్నాడు తెలిసింది. ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలో రొట్టెలో ఉప్పు వెయ్యరు. బేకరీలో కొన్న రొట్టె తింటే నాలుకకి ఏమీ తగల్లేదు. మిగతా చాలా ఊళ్లలో మామూలుగా ఉప్పు వేసే చేస్తారు. చప్పటి రొట్టె తిని పెరిగినవాడికి పరాయి ఊళ్లో మొదటి ముద్దలోనే తేడా తెలిసిపోతుంది కదా. నేను ఇన్నాళ్లూ ఆ పంక్తిని కన్నీళ్ల ఉప్పు అనుకునే చదివాను. ఆ అర్థమూ ఉండొచ్చు, కానీ ఆ బేకరీ ముందు నిలబడితే ముందు వంటింటి అర్థమే తోచింది. మేం ఆ రొట్టెని ఆవకాయతో తిన్నాం. చాలా బాగుంది.

ఇంతకీ ఆయన ఊరు ఎందుకు వదిలాడు? ఊళ్లో పోప్ పక్షం వహించే గ్వెల్ఫుల పార్టీ నల్లవాళ్లు, తెల్లవాళ్లు అని రెండుగా చీలింది. డాంటే తెల్లవాళ్లలో ఉన్నాడు. 1300లో జూన్ మధ్య నుంచి రెండు నెలలు నగరాన్ని ఏలే ప్రయర్లలో ఒకడు కూడా. మరుసటి ఏడు పోప్ దగ్గరికి రాయబారిగా రోమ్ వెళ్లి ఉండగా ఇక్కడ నల్లవాళ్లు అధికారం పట్టారు. 1302 జనవరిలో లంచగొండితనం కేసు, జరిమానా, బహిష్కరణ. మార్చిలో, ఊళ్లో దొరికితే సజీవదహనం అని తీర్పు. మళ్లీ ఫ్లోరెన్స్‌లో అడుగు పెట్టలేదు. 1315లో క్షమాభిక్ష ఇస్తామన్నారు, జరిమానా కట్టి బహిరంగంగా తప్పు ఒప్పుకుంటే. ఒప్పుకోలేదు. సూర్యుడూ నక్షత్రాలూ నాకు ఎక్కడినుంచైనా కనపడవా అని ఉత్తరం రాశాడు. నల్లవాళ్ల వెనక ఉన్న పోప్ బోనిఫేస్ మీద కసి మాత్రం కావ్యంలో తీర్చుకున్నాడు. కథ జరిగే 1300 నాటికి ఆయన బతికే ఉన్నాడు కాబట్టి, నరకంలో ఆయనకి ముందే సీటు రిజర్వు చేసి పెట్టాడు.

ఇప్పుడు చూడాల్సిన చోట్లు. ‘డాంటే ఇల్లు’ మ్యూజియం గైడ్లు మొదట చూపించేది, నేను ఆఖర్న పెట్టేది. అలిగియేరి కుటుంబం ఇళ్లు ఆ చుట్టుపక్కల ఉండేవన్న మాట నిజమే. కానీ ఈ కట్టడం 20వ శతాబ్దం మొదట్లో మధ్యయుగం నాటిదానిలా కట్టింది. లోపల ఆయన వాడిన వస్తువు ఒక్కటీ లేదు, ఉండే వీలూ లేదు. డాంటే చేతిరాత ఒక్క పంక్తి కూడా ప్రపంచంలో ఎక్కడా మిగల్లేదు. స్క్రీన్లు, నమూనాలు, నాటి వైద్యుల-మందుల వ్యాపారుల సంఘం గురించి వివరాలు ఉన్నాయి. రాజకీయ పదవి కావాలంటే ఏదో ఒక వృత్తి సంఘంలో ఉండాలి కాబట్టి డాంటే ఆ సంఘంలో చేరాడు. పిల్లలతో వెళ్తే ఒక గంట గడుస్తుంది. నాకు పనికొచ్చింది కాంపాల్దినో యుద్ధం గది. 1289 జూన్‌లో జరిగిన ఆ యుద్ధంలో డాంటే గుర్రం మీద పోరాడాడు. అదే ఏడాది మన రుద్రమదేవి మరణించిందని చందుపట్ల శాసనం చెప్తుంది. ఓరుగల్లులో ఆమె ఏలుతున్న రోజుల్లోనే ఈ కుర్రాడు ఇక్కడ పుట్టి, పెరిగి, కత్తి పట్టాడన్నమాట. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకోవాలని నాకు అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు.

ఆ వీధిలోనే శాంతా మార్గెరీతా అనే చిన్న చర్చి ఉంది. డాంటే చిన్నప్పటి నుంచీ ఆరాధించిన బియాత్రిచే సమాధి అక్కడే ఉందని ఒక బుట్ట పెట్టారు. ప్రేమ బాధితులు అందులో చీటీలు వేస్తారు. ఆమె 1290లో పోయింది. పెళ్లయింది వేరే ఇంటికి, కాబట్టి అత్తింటివాళ్ల సమాధుల దగ్గరే ఖననం చేసి ఉంటారని పండితుల అనుమానం. బుట్ట మాత్రం నిండుగా ఉంది. ఇంగ్లీషు, కొరియన్, స్పానిష్ చీటీలు పైకే కనిపిస్తున్నాయి. టికెట్ లేదు, ఐదు నిమిషాల పని, వెళ్లండి. డాంటే భార్య పేరు జెమ్మా దోనాతీ. పిల్లల్ని కన్నది ఆవిడ. ఆవిడ గురించి కావ్యంలో ఒక్క మాట లేదు, ఊళ్లో ఒక్క బుట్టా లేదు. మావారికి ఇది అన్యాయం అనిపించింది. నాకూ అనిపించింది.

శాంతా క్రోచే చర్చికి టికెట్ ఉంది, కానీ ఇవ్వొచ్చు. మైకెలాంజెలో, గలీలియో, మకియవెల్లి అందరూ అక్కడే ఉన్నారు. వాళ్ల మధ్య డాంటేకి 1830లో ఒక పెద్ద స్మారకం కట్టారు. పైన ఆయన దిగులుగా కూర్చుని ఉంటాడు, పక్కన ఒక స్త్రీమూర్తి పెట్టె మీద పడి ఏడుస్తుంటుంది. పెట్టె ఖాళీ. కింద ‘మహోన్నతుడైన ఈ కవిని గౌరవించండి’ అని చెక్కారు. నరకకాండ నాలుగో సర్గలో పాతకాలం కవులు, డాంటేకి దారి చూపించే రోమన్ కవి వర్జిల్‌ని చూసి అనే మాట అది. దాని తర్వాతి పంక్తి ‘వెళ్లిపోయిన ఆయన నీడ తిరిగొస్తోంది’ అని ఉంటుంది. దాన్ని చెక్కలేదు, ఎలా చెక్కుతారు. ఆడియో గైడు ఈ సంగతి చెప్పలేదు. బయట మెట్ల పక్కన 1865 నాటి విగ్రహం మాత్రం కోపంగా ఉంది, అదే నాకు నచ్చింది.

బాప్తిస్మ మందిరం మాత్రం అసలుది. డాంటేకి బాప్తిస్మం ఇచ్చింది అక్కడే, నరకకాండలో దాన్ని ‘నా అందమైన సాన్ జొవాన్ని’ అంటాడు. పైకప్పు మొజాయిక్‌లో, అంటే రంగురాళ్ల ముక్కలు అతికిన బొమ్మలో, కొమ్ముల సైతాను పాపుల్ని నోటితో నములుతుంటాడు, చెవుల్లోంచి వచ్చిన పాములు ఇంకొందరిని మింగుతుంటాయి. నరకకాండ చివర్లో మూడు నోళ్లతో నమిలే లూసిఫర్ అలాంటి బొమ్మ చూసిన పిల్లవాడి ఊహలోంచే వచ్చి ఉండాలి. మేం వెళ్లేసరికి మరమ్మతులు జరుగుతున్నాయి, పైకప్పు చాలా భాగం పరంజా చాటున ఉంది. ఇది చాలా ఏళ్ల పని. కౌంటర్ దగ్గర ఆ మాట చిన్న అక్షరాల్లో రాశారు. టికెట్ కొనేముందు అడగండి. పక్కన కెథెడ్రల్‌లోకి ఉచితమే, క్యూ మాత్రం తిరుమల సర్వదర్శనంలా పాకుతుంది. లోపల ఎడమ గోడకి 1465 నాటి బొమ్మ ఉంది. డాంటే పుస్తకం పట్టుకుని నగరం గోడ బయట నిలబడి ఉంటాడు. లోపల కాదు, బయట. అంతవరకు ఆ చిత్రకారుడు నిజాయితీపరుడు.

ఫ్లోరెన్స్‌లో నేను అందరికీ చెప్పేది డబ్బులు లేని పని: గోడల మీద రాతిపలకలు వెతకడం. 1900 ప్రాంతంలో నగరపాలకులు కావ్యంలో ఊరి ప్రస్తావన ఎక్కడెక్కడుందో ఆ చోటికి సరిపోయే పంక్తులు చెక్కించి గోడలకి పెట్టారు. కోర్సో వీధిలో బియాత్రిచే పుట్టింటి దగ్గర ఆమె తెల్లని మేలిముసుగు మీద ఆలివ్ ఆకుల కిరీటంతో కనిపించిన పంక్తి ఉంది. కింద ఐస్‌క్రీమ్ షాపు క్యూ. బాదియా చర్చి దగ్గర పాత ప్రాకారం లోపలి ఫ్లోరెన్స్ ఎంత పొదుపుగా, శాంతంగా బతికేదో చెప్పే పంక్తి. దాని ఎదురుగానే చేతిసంచుల దుకాణం. ఈ ఊరు తరిమేసిన మనిషిని ఇప్పుడు ఇంత చక్కగా అమ్ముకుంటోంది. కాఫీకి చిల్లరగా ఇచ్చిన రెండు యూరోల నాణెం మీద కూడా ఆయన ముఖమే. 2008లో నగర కౌన్సిల్ ఓటు వేసి మరీ ఆ శిక్ష రద్దు చేసింది.

అక్కడినుంచి రవెన్నాకి నేరుగా హైస్పీడ్ రైలు లేదు. బొలోన్యా దాకా ఫాస్ట్ రైల్లో 40 నిమిషాల లోపే, అక్కడ మారి ప్రాంతీయ రైల్లో గంటా పదిహేను ప్రాంతం. ఫాయెంజా మీదుగా కొండల్లోంచి ఒక అందమైన లైను ఉంది గానీ 2023 వరదల తర్వాత కొండచరియలు పడి చాలాసార్లు ఆగింది. టైమ్ ముఖ్యమైతే బొలోన్యానే నమ్ముకోండి. ప్రాంతీయ రైలు కాగితం టికెట్‌కి ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీదున్న మిషన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా. బొలోన్యా స్టేషన్లో ఫాస్ట్ రైళ్లు భూగర్భంలో ఆగుతాయి, పైకి రావడానికే పావుగంట పడుతుంది. పది నిమిషాల కనెక్షన్ పెట్టుకుని టెన్షన్ పడకండి.

రవెన్నా చిన్న ఊరు. స్టేషన్ నుంచి అన్నీ నడకే. సైకిళ్ల మీద ముసలమ్మలు కూరగాయలు వేసుకుని పోతుంటారు. మేం దిగింది కుటుంబం నడిపే చిన్న హోటల్. ఫ్లోరెన్స్ అద్దెలో సగం కంటే కొంచెం ఎక్కువ, లిఫ్టు ఉంది, పొద్దున్న టిఫిన్ కలిపే. రిసెప్షన్‌లో పెద్దావిడకి ఇంగ్లీషు రాదు, అయినా మావారి మోకాలు చూసి అడక్కుండానే కింది గదికి మార్చింది. గదిలో దోమల మిషన్ కూడా పెట్టింది. అది పెట్టడంలో అర్థముంది: చుట్టూ చిత్తడి నేలలు. డాంటే వెనిస్‌కి రాయబారిగా వెళ్లి ఆ చిత్తడి దారిన తిరిగొస్తూ జ్వరం తెచ్చుకున్నాడు, మలేరియా అంటారు. వచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తే ఓడోమాస్ బ్యాగులో వేసుకోండి.

సమాధి చిన్న గుడిలా ఉంటుంది. 1780లో కట్టిన గది, గుమ్మటం, ఇనుప తలుపు. టికెట్ లేదు. లోపల నలుగురైదుగురికి మించి పట్టరు. 1483లో పియెత్రో లొంబార్దో చెక్కిన పలకలో డాంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చదువుకుంటుంటాడు. కింద లాటిన్ పద్యం, చివరి మాటలు ‘ప్రేమ తక్కువ తల్లి ఫ్లోరెన్స్’ అని. పైన వేలాడే దీపానికి నూనె ఏటా ఫ్లోరెన్సే పంపాలి. చుట్టుపక్కల వీధులు నిశ్శబ్ద ప్రాంతం అని బోర్డులున్నాయి. ఇటాలియన్లు నిజంగానే గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నేను చూసింది అక్కడొక్కచోటే.

ఆయన ఎముకల కథ ఇక్కడి డాంటే మ్యూజియంలో చూడాలి. ఫ్లోరెన్స్ వాళ్లు శవాన్ని తిరిగివ్వమని పదేపదే అడిగారు. 1519లో పోప్‌గా ఉన్నది ఫ్లోరెన్స్ మెదిచీల వంశంవాడు పదో లియో. ఆయన సరేనన్నాడు. ఆ అర్జీ మీద మైకెలాంజెలో సంతకం కూడా ఉంది, సమాధి నేను చెక్కుతానన్నాడు. తీరా మనుషులొచ్చి రాతిపెట్టె తెరిస్తే లోపల ఏమీ లేదు. పక్క మఠం ఫ్రాన్సిస్కన్ సన్యాసులు తమ ఆవరణలోంచి గోడకి కన్నం పెట్టి ఎముకలు లాగేసి దాచారు. 1677లో ఆంతోనియో శాంతీ అనే సన్యాసి వాటిని ఒక చెక్కపెట్టెలో పెట్టి, ‘డాంటే ఎముకలు, నేను ఇక్కడ ఉంచాను’ అని తేదీతో సహా రాశాడు. తర్వాత అదెక్కడుందో అందరూ మర్చిపోయారు. డాంటే ఆరువందల ఏళ్ల ఉత్సవాలకి 1865లో మరమ్మతులు చేస్తుంటే గోడలోంచి ఆ పెట్టె బయటపడింది. అంటే శతాబ్దాల పాటు జనం ఖాళీ సమాధికే దండాలు పెట్టారు. ఆ పెట్టె ఇప్పుడు మ్యూజియం అద్దాల వెనక ఉంది: మామూలు చెక్క, వంకరటింకర సిరా అక్షరాలు, పాత ట్రంకుపెట్టె మీద పేరు రాసుకున్నంత మామూలుగా. ఇటలీలో నేను చూసిన వస్తువుల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అదే. యుద్ధంలో బాంబుల భయానికి 1944 మార్చిలో ఎముకల్ని పక్కనే మట్టిలో పాతి, 1945 డిసెంబరులో తీశారు. ఆ దిబ్బ మీద ఇప్పుడు తీగ అల్లుకుంది, పక్కన చిన్న పలక. చూడకుండా దాటేసేవాళ్లే ఎక్కువ.

2020 సెప్టెంబరు నుంచి రోజూ సాయంత్రం సమాధి ముందు ఒక సర్గ చదువుతున్నారు. పండితులే చదవాలని లేదు, పేరిచ్చిన ఎవరైనా చదవొచ్చు. ఆ రోజు చదివింది స్కూలు టీచర్‌లా ఉన్న ఒకావిడ, ప్రాయశ్చిత్త కాండలోది. మూడేసి పంక్తుల చరణాలు. మధ్య పంక్తి ప్రాస తర్వాతి చరణంలో మొదటి, మూడో పంక్తులకి వెళ్తుంది, అలా గొలుసులా సాగుతుంది. అర్థం తెలియకపోయినా అచ్చులతో ముగిసే మాటలు కాబట్టి మన చెవికి ఆ ప్రాస ఇట్టే పట్టుబడుతుంది. మావారు ఫోన్లో అనువాదం పెట్టుకుని చివరిదాకా విన్నారు, అది నేను ఊహించలేదు. విన్నాక “ఈయన అందర్నీ పేర్లు పెట్టి తిడతాడేంటి” అన్నారు. అక్కడినుంచి భోజనానికి వెళ్లేదాకా ఆ తిట్ల గురించే అడిగారు. ఆ ఊరి దొర గ్విదో నొవెల్లో దా పొలెంతా చివరి రోజుల్లో డాంటేకి ఆశ్రయం ఇచ్చాడు. ఆయన మేనత్త ఫ్రాంచెస్కా. మరిదితో ప్రేమలో పడి భర్త చేతిలో చనిపోయింది. డాంటే ఆమెని నరకంలోనే పెట్టాడు, కానీ ఆమె కథ విని మూర్ఛపోయాడు. అన్నం పెట్టిన ఇంటి ఆడపడుచుని నరకంలో పెట్టిన కవిని ఆ ఇల్లు నెత్తిన పెట్టుకుంది.

డాంటే అంత్యక్రియలు జరిగిన సాన్ ఫ్రాంచెస్కో చర్చి పక్కనే. బలిపీఠం కింద నేలమాళిగలో నీళ్లు నిలిచి ఉంటాయి, నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, మొజాయిక్ నేల మీద చేపలు తిరుగుతుంటాయి. ఊరు కుంగిపోవడం వల్ల ఊరిన నీళ్లవి.

రవెన్నా పాత కట్టడాల్లోని మొజాయిక్‌లకి ఉమ్మడి టికెట్ కొనుక్కోండి. రోమన్ రాణి గల్లా ప్లసీదియా సమాధి మందిరానికి టైమ్ స్లాట్ ముందే తీసుకోవాలి, లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు. ఆ నీలం కప్పు, బంగారు చుక్కలు చూశాక స్వర్గకాండలో వెలుగుల వర్ణన ఎక్కడిదో నాకు అనుమానం లేకుండా పోయింది. మూడు కాండలూ ‘నక్షత్రాలు’ అన్న మాటతోనే ముగుస్తాయి మరి. బస్సెక్కితే క్లాసే ఊరు. అక్కడి పైన్ తోపు ప్రాయశ్చిత్త కాండ చివర్లో భూలోక స్వర్గానికి పోలికగా వస్తుంది. తోపులో ఈగలు, ఎండ. అక్కడి పాత చర్చి, బసిలికా, చల్లగా ఉంటుంది, ఓపిక తక్కువైతే అంతవరకు చాలు.

శాకాహారులకి రవెన్నా ఫ్లోరెన్స్ కంటే సులువు. పియాదీనా అని పలుచని రొట్టె, పెనం మీద కాల్చి, మెత్తటి స్క్వాక్వెరోనే చీజ్, రుకోలా ఆకు పెట్టి మడిచిస్తారు. సంప్రదాయంగా పిండిలో పందికొవ్వు కలుపుతారు, కాబట్టి ఆలివ్ నూనెతో చేసింది కావాలని ముందే అడగండి. చాలా బండ్ల దగ్గర రెండూ ఉంటాయి. ఫ్లోరెన్స్‌లో కూర్చుని తింటే బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికింత కలుపుతారు. మోసం కాదు, మెనూలో రాసే ఉంటుంది.

వెరోనాకీ వెళ్లాం. డాంటేకి మొదట ఆశ్రయమిచ్చిన ఊరు, స్వర్గకాండని అంకితం పొందిన కాన్‌గ్రాందే దొర ఊరు. చౌకులో విగ్రహం బాగుంది, కానీ జనమంతా జూలియెట్ బాల్కనీ దగ్గరే ఉన్నారు. టైమ్ లేకపోతే వదిలేయొచ్చు.

కుదిరితే సెప్టెంబరు రెండో ఆదివారానికి రవెన్నాలో ఉండేలా చూసుకోండి. ఫ్లోరెన్స్ ప్రతినిధులు నూనె పట్టుకొచ్చి ఆ దీపంలో పోసేది ఆ రోజే. మేం ఆ వారానికి ముందే వచ్చేశాం. హోటల్ పెద్దావిడ క్యాలెండర్ మీద ఆ తేదీ చూపించి, ఫ్లోరెన్స్ వాళ్లు నూనె ఇచ్చి వెళ్తారు, ఆయన్ని మాత్రం ఇవ్వం అని చేత్తో సైగ చేసింది.